ఒక్కపొద్దు ఒక్కదానిదేనా?



నిన్నటి అమావాస్యతో ఈ ఏటి కార్తీకం అయిపోయింది. ఈ పొద్దు, 2025 నవంబర్ 21, పోలి పాడ్యమి. తెల్లారకముందే అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదిలి వచ్చినాం. పాలు పితికి, బర్రెలకు మేత వేసి, ఇప్పుడు కూర్చొని రాస్తున్నా. పోస్టు పొడుగ్గానే ఉంటాది. ఒక్కసారిగా చదవలేకపోతే చేను గట్టు మీద కూర్చున్నప్పుడు కొంచెం కొంచెం చదవండి.

ఈ నెలలో నాకు రెండు వైపుల నుంచి మాటలు వచ్చినాయి. మా ఊర్లో డిగ్రీ చదివే పిల్ల ఒకామె, "ఏంది పెద్దమ్మా, పంట నమోదు నువ్వే చేయించుకుంటావు, బ్యాంకులో లోను గురించి నువ్వే మాట్లాడతావు, ఇంకా మొగుని కోసం కడుపు మాడ్చుకునేదేంది?" అనింది. అదే వారంలో మా వీధిలో ఒక ముసలామె, "సుగర్ అని చెప్పి పగలే తింటివే, అది ఒక్కపొద్దు ఎట్లయితాది?" అనింది. ఒకామెకు నేను మరీ పాతకాలపుదాన్ని, ఇంకొకామెకు మరీ కొత్తకాలపుదాన్ని. ఇద్దరికీ చెప్పిన జవాబే ఇక్కడ కూడా చెప్తా. ఎందుకంటే ఇది నా ఒక్క ఇంటి సంగతి కాదు, సేద్యం చేసే ప్రతి ఇంట్లో ఉండేదే.

నా గురించి తెలియనోళ్ళకు రెండు మాటలు. మాది ఆళ్ళగడ్డ పక్క పల్లె. ఇంటర్ వరకు చదివినా. మాకు కేసీ కాలువ కింద రెండెకరాల వరి, పైన ఎకరన్నర పత్తి, ఎకరా శనగ. నేనూ మా ఆయనా ఇద్దరం దిగి చేసుకుంటాం. నాకు యాభై దాటినాయి. సుగర్ వచ్చి ఆరేండ్లు. పెండ్లయినప్పటి నుంచి కార్తీక సోమవారాలు ఉంటున్నా. ఈ ఏడు అక్టోబర్ 27, నవంబర్ 3, 10, 17, నాలుగూ ఉన్నా. కాకపోతే నాకు చేతనైనట్ల ఉన్నా.

ముందు ముసలామె మాటకు జవాబు చెప్తా.

మనం "ఒక్కపొద్దు" అంటాం. పొద్దు అంటే పూట. ఒక్కపొద్దు అంటే ఒక పూట తినేది. ఆ పేరులోనే తిండి ఉంది. పచ్చి నీళ్ళు కూడా ముట్టకూడదని ఆ మాటలో యాడా లేదు. కార్తీక పురాణంలో సోమవార వ్రతం ఆరు రకాలుగా చెప్తారు. ఉపవాసం ఒకటి, అంటే పగలంతా ఏమీ తినకుండా సాయంత్రం శివునికి చేసుకొని, నక్షత్రం చూసి తీర్థం తీసుకునేది. ఏకభుక్తం, అంటే మధ్యాహ్నం ఒక్కసారి అన్నం తిని రాత్రికి తీర్థంతోనో తులసితోనో సరిపెట్టుకునేది. నక్తం, పగలు ఉండి చుక్క పొడిచినాక తినేది. మన ఊర్లల్లో ఎక్కువ మంది చేసేది ఇదే. అయాచితం, అంటే తాను వండుకోకుండా, ఎవరినీ అడగకుండా, ఎవరైనా పిలిచి పెడితేనే తినేది. ఇవేవీ చేతకానోళ్ళకు స్నానం, దాంతో పాటు జపం. అదీ కాకపోతే తిలదానం, అంటే నువ్వులు దానం ఇచ్చేది.

చూడండి, ఎవరి ఒంటికి తగినట్ల వాళ్ళకు ఒక మెట్టు పెట్టినారు. కడుపుతో ఉన్నామెకు, పాలిచ్చే తల్లికి, జబ్బు మనిషికి, పొద్దంతా వంగి పని చేసేదానికి కూడా దారి ఉంది. ఆరు మెట్లల్లో కష్టమైనది ఒకటి పట్టుకొని, మిగతా ఐదు మెట్లు దొంగ మెట్లు అన్నట్ల మాట్లాడేది మనమే. డాక్టరు నాకు పూర్తి ఉపవాసం వద్దన్నాడు. నేను ఏకభుక్తం ఉంటున్నా. పొద్దున పాలు, ఒక పండు. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కార్తీకానికి ముందే అడిగి రాసుకొచ్చుకున్నా. మధ్యాహ్నం కొర్రన్నం. మన నంద్యాల పరిశోధనా కేంద్రం వాళ్ళు ఇచ్చిన కొర్ర రకాల్లో సూర్యనంది ఒకటి. నవనందుల్లో ఒక నంది పేరు, కొర్రకూ ఉంది. శివుని సోమవారం నాడు అది తింటే వ్రతం చెడిపోతాదని నేనైతే అనుకోను.

సుగర్ ఉన్న అక్కలకు, అన్నలకు ఒక మాట. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు మింగేవాళ్ళు తిండి మానేస్తే సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, కండ్లు మసకలు వస్తాయి. దాన్ని "ఒక్కపొద్దు నీరసంలే" అని వదిలేయొద్దు. తెలివిలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళో బెల్లమో ఇయ్యాల. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యాల. దేవుడు దానికి అడ్డం చెప్పడు.

ఇప్పుడు చదువుకునే పిల్ల మాటకు వస్తా. ఈ మాట మా కోడలు కూడా ఇంకో రకంగా అడిగింది.

మా కోడలిది కృష్ణా జిల్లా. బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం. ఆ పిల్లకు పుట్టింట్లో అట్లతద్ది ఉంది. మా ఊర్లో నేను ఎవరూ చేయంగా చూడలేదు, మాకు తెలిసింది కార్తీకం, శివరాత్రి, వరలక్ష్మి వ్రతం. ఆ పిల్ల పని చేసే చోట ఉత్తరాది ఆడపిల్లలు కర్వా చౌత్ చేస్తారంట. సీరియళ్ళలో, సినిమాల్లో చూస్తాం కదా, జల్లెడలో నుంచి చంద్రుణ్ణి, ఆ తర్వాత మొగుణ్ణి చూసేది. మన దగ్గర జల్లెడ శనగలు జల్లించేదానికే, దాంట్లో నుంచి మొగుణ్ణి చూస్తే తాలు గింజలు పోతాయేమో అని నేను నవ్వినా. ఈ రెండూ ఒక్క రోజు తేడాతో వస్తాయి. అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ, కర్వా చౌత్ చవితి. ఈ ఏడు అక్టోబర్ 9న ఒకటి, 10న ఒకటి వచ్చినాయి.

ఆ పిల్ల చెప్తే నాకు ఒక సంగతి తెలిసింది. అట్లతద్ది నాడు తెల్లవారుజామునే లేపి, కడుపు నిండా చద్దన్నం, గోంగూర పచ్చడి, పెరుగు వేసి తినిపిస్తారు. ఆ తర్వాత ఉయ్యాలలు, ఆటలు. సాయంత్రం గౌరమ్మకు పూజ, పదకొండు అట్లు వాయనం, చంద్రుణ్ణి చూసినాక తిండి. కర్వా చౌత్‌లో కూడా తెల్లవారకముందు తినేదానికి సర్గీ అని ఉంటాదంట. అది అత్తగారు కోడలికి ఇచ్చే తిండి. పండ్లు, తీపి, వండినవి.

అంటే ఏమయింది? యాడ చూసినా ఆడది ఆకలితో ఉండే రోజుకు ముందు, ఆమెకు ఎవరో ఒకరు వడ్డించే పద్ధతి పెట్టినారు. ఆ రోజు ఆమెకు పని తగ్గించి ఉయ్యాల కట్టినారు. కాలం మారేకొద్దీ మనం ఆకలిని మాత్రం జాగ్రత్తగా కాపాడుకున్నాం. వడ్డించే చెయ్యిని, ఉయ్యాలను పోగొట్టుకున్నాం.

మన చేన్లల్లో చూడండి. కార్తీకం అంటే పత్తి తీసే కాలం, శనగ విత్తే కాలం. సోమవారం పొద్దున కూలికి వచ్చే పది మందిలో ఐదారు మంది ఒక్కపొద్దు ఉంటారు. నాలుగింటికి లేచి, తలంటు పోసుకొని, దీపం పెట్టి, ఇంట్లో వాళ్ళందరికీ వండి, పిల్లలకు క్యారియర్ కట్టి, వీళ్ళు మాత్రం ఉత్త చేతులతో ఆటో ఎక్కుతారు. ఎండలో సాలు వెంబడి నడుస్తా పత్తి తీస్తారు. ఈ ఏడు మొంథా తుఫాను వానలకు పత్తి తడిసి, ఆరినాక ఒక్కసారే తీయాల్సి వచ్చి, పని ఇంకా ఎక్కువైంది. మూడో సోమవారం పక్క చేన్లో ఒక పిల్ల సాలు మధ్యలో కూలబడింది. పెండ్లయి రెండేండ్లు. రక్తం తక్కువ ఉందని ముందే చెప్పినారంట. కానీ ఇంట్లో ఎవరూ "ఈ వారం వద్దులే" అనలేదు, ఈమె అడగలేదు. నీడకు తీసుకపోయి, కాసేపు పండబెట్టి, పాలు తాపినాం. తాగేటప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. ఒళ్ళు బాగలేదని కాదు, ఒక్కపొద్దు చెడిందని.

2019-21లో దేశమంతా చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్లో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. మన రాష్ట్రంలో కూడా సగం మందికి పైనే. పది మంది కూలికి వస్తే ఐదారు మంది ఆ లెక్కలో ఉన్నోళ్ళే. ఆ ఐదారు మందే సోమవారం కడుపు కట్టుకొని వంగుతున్నారు. చేను గలోళ్ళం మనం. సోమవారాలు రెండు గంటలు ముందు వదిలిపెడితే మన పత్తి ఎగిరిపోదు. మధ్యాహ్నం మజ్జిగో, అరటిపండో మనమే తెచ్చి ఇస్తే, అది అయాచితం కింద లెక్క. అడగకుండా పెట్టింది తింటే వ్రతం చెడదని పురాణమే చెప్తాది కదా.

ఇంకొక సంగతి ఉంది. రాయాలా వద్దా అని చానా సేపు ఆలోచన చేసినా.

నవంబర్ 10న, మూడో సోమవారం నాడే, ఆ పిల్ల లేచి కూర్చున్నాక మేము మధ్యాహ్నం మహానందికి పోయినాం. ముగ్గురం ఆడోళ్ళం. ఆగస్టు 15 నుంచి మనకు బస్సులో టికెట్టు లేదు కదా, ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల, నంద్యాల నుంచి మహానంది, ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకొని పోయినాం. కోనేటిలో నీళ్ళు ఎట్లుంటాయో మీకు తెలుసు, అడుగున సూది పడినా కనపడతాది. ఆ నీళ్ళే బయటకు పారి అరటి తోటలకు, మళ్ళకు పోతాయి. దేవుణ్ణి తడిపిన నీళ్ళు చేనుకు పోయే చోటు అది. అందుకే నాకు ఆ గుడి అంటే ప్రాణం.

మాతో వచ్చిన వాళ్ళల్లో ఒకామెకు మొగుడు లేడు. పేరు చెప్పను. కౌలు చేను, రెండేండ్లు వరసగా పంట పోయింది, బయటి అప్పులు. ఎంత అప్పుందో ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఒక రోజు చేన్లోనే ప్రాణం తీసుకున్నాడు. ఈమె పెండ్లయినప్పటి నుంచి ఒక్క సోమవారం తప్పలేదు, వరలక్ష్మి వ్రతం తప్పలేదు. ఆయన పోయిన పదకొండో రోజు, ఈమె వినేటట్లే ఒకామె "యాడ ఏ వ్రతం తప్పిందో" అనిందంట.

అన్నలారా, ఆ మాట ఎంత బరువో ఆలోచన చేయండి. మొగుని ఆయుష్షు పెండ్లాం ఉపవాసంలో ఉందని చెప్తే, మొగుడు పోయినప్పుడు ఆ నేరం కూడా ఆమె మీదనే పడతాది. అప్పు ఇచ్చినోళ్ళ మీద పడదు, వాన మీద పడదు, రేటు మీద పడదు. వరలక్ష్మి వ్రతం నాడు ఇప్పుడు ఆమెను తాంబూలానికి ఎవరూ పిలవరు. కార్తీక సోమవారం మాత్రం ఎవరైనా ఉండొచ్చు. మొగుడున్నామె, లేనామె, పెండ్లి కాని పిల్ల, మొగోళ్ళు, అందరూ. శివుని దగ్గర ఆ లెక్క లేదు. అందుకే నాకు అన్నిట్లోకీ ఈ ఒక్కపొద్దు ఎక్కువ. ఆ రోజు ఆమె నా పక్కనే దీపం పెట్టింది, ఇద్దరం ఒకే ఆకులో ప్రసాదం తిన్నాం.

కాబట్టి చదువుకునే పిల్లకు నా జవాబు ఇది. నేను మొగుని ఆయుష్షు కొనేదానికి ఉపవాసం ఉండటం లేదు తల్లీ. అట్ల కొనగలిగేటట్లయితే మా ఊర్లో ఎవరి నుదుటి బొట్టూ పోయేది కాదు. తిండి పండించేదాన్ని కదా, ఆకలి అంటే ఏందో ఏడాదికి నాలుగు రోజులన్నా ఒంటికి తెలియాలని ఉంటా. మా అవ్వ ఉన్నింది, మా అమ్మ ఉన్నింది, ఆ సాయంత్రం దీపం ముందర కూర్చున్నప్పుడు వాళ్ళు నా పక్కన ఉన్నట్ల ఉంటాది. నువ్వు ఉండకపోయినా నాకు కోపం లేదు. ఉండాలా వద్దా అనేది నీ ఇష్టం. బలవంతం చేస్తే అది ఒక్కపొద్దు కాదు, శిక్ష.

మరి మొగోళ్ళ ఆయుష్షు దేంట్లో ఉంది? అన్నలకు చెప్తున్నా, తమ్ముళ్ళకు చెప్తున్నా. మందు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకునేదాంట్లో ఉంది. మందు కొట్టిన చేతులు కడుక్కోకుండా బీడీ ముట్టించకుండా ఉండేదాంట్లో ఉంది. సాయంత్రం సీసా తగ్గించేదాంట్లో ఉంది. అన్నిటికంటే ముందు, ఎవరి దగ్గర ఎంత తెచ్చినారో, వడ్డీ ఎంతో ఇంట్లో ఆమెకు చెప్పేదాంట్లో ఉంది. మా ఇంట్లో అప్పుల నోటు పుస్తకం దేవుని గూట్లోనే ఉంటాది. ఇద్దరం చూస్తాం, ఇద్దరం భయపడతాం, ఇద్దరం తీరుస్తాం. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చేయొచ్చు, టెలి మానస్ అని సర్కారు వాళ్ళది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు లేవు. మీ కోసం ఆమె నాలుగు సోమవారాలు ఆకలికి ఓర్చుకుంటాది. ఆమె కోసం మీరు ఒక్క నిజం చెప్పేదానికి ఓర్చుకోలేరా?

మా ఇంట్లో పద్ధతి చెప్తా, గొప్పకు కాదు, పనికొస్తే వాడుకోండి. సోమవారం సాయంత్రం పొయ్యి మా ఆయనది. మొదటి ఏడు, "మే, నాకు ఉగ్గాని తప్ప ఏమీ రాదు" అన్నాడు. అదే చెయ్యి అన్నా. కార్తీక సోమవారం కదా, ఎర్రగడ్డ వేయకూడదు. ఎర్రగడ్డ లేని ఉగ్గాని ఎట్లుంటాదో కర్నూలు, నంద్యాల వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. మా ఆయనే ఒక ముద్ద తిని "దీనికంటే ఒక్కపొద్దే నయం" అన్నాడు. ఇప్పుడు నిమ్మకాయ, పప్పుల పొడి, టెంకాయ వేసి బాగానే చేస్తాడు. రాత్రి అన్నం మానిన నేను, ఆయన పిలిచి పెడితే రెండు పిడికిళ్ళు తింటా. ఆయన పెట్టింది అయాచితం. పోయిన ఏడు నుంచి తనూ నాతో పాటు ఒక్కపొద్దు ఉంటున్నాడు. బర్రెల పని ఆ రోజు ఆయనదే. మా కోడలికి మేము పండగకు ముందు రోజు కొర్రలు, వేరుశనగలు, నువ్వుల ఉండలు పార్సిల్ పంపినాం. సర్గీ అనుకోమన్నా. అట్లతద్ది ఉండాలో వద్దో మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల, "అత్తా, ఈ ఏడు ఉంటా, పైయేడు సంగతి పైయేడు" అనింది. సరే అన్నా.

ఈ రోజు పోలి కథ చదువుకునే రోజు. మీ అందరికీ తెలిసిందే. అత్త మిగతా కోడండ్లను వెంటబెట్టుకొని ఏటికి పోయి దీపాలు పెడతాది. చిన్న కోడలు పోలిని మాత్రం ఇంటెడు పని మీద వేసి, నూనె, వత్తి అందకుండా చేసి పోతాది. పోలి పెరట్లో పత్తి చెట్టు కింద రాలిన పత్తి ఏరుకొని వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న తీసి దీపం పెడతాది. విమానం ఆమె ఇంటి ముందే దిగుతాది. ఎన్నోసార్లు విన్నా కానీ, పత్తి చేసే దాన్ని కాబట్టి నాకు ఆ రాలిన పత్తే గుర్తుంటాది. ఏటికి పోలేదు, కొత్త చీర కట్టలేదు, పని మానలేదు. దేవునికి ఆమె పెట్టిన దీపం చాలింది. చేతనైనంత చేసినామెను తక్కువ చేసిన అత్తకు మాత్రం విమానంలో చోటు దొరకలేదు. అత్తలందరం ఆ చివరి భాగం కూడా గట్టిగా చదువుకోవాల.

మాఘంలో శివరాత్రి వస్తాది, మళ్ళీ ఒక్కపొద్దు, జాగారం. అప్పటికి శనగ కోతలు, మినుము పనులు ఉంటాయి. మన చేన్లో ఎవరు ఒక్కపొద్దు ఉన్నారో పొద్దున్నే అడుగుదాం. ఇంట్లో ఎవరు ఉన్నారో ముందు రోజే అడుగుదాం. ఉన్నామెకు పని తగ్గిద్దాం, ఉండనామెను ఏమీ అనకుండా ఉందాం.

మీ ఊర్లో ఒక్కపొద్దు ఎట్ల ఉంటారు, ఆ రోజు పొయ్యి ఎవరిది, కింద రాయండి. మొగోళ్ళు కూడా రాయండి. ఎర్రగడ్డ లేని ఉగ్గాని ఇంకా బాగా ఎట్ల చేయాలో తెలిసినోళ్ళు ఉంటే తప్పకుండా రాయండి, మా ఆయన చదువుతాడు.

ఉంటా మరి. మంచు ఆరింది, పత్తికి పోవాల.